నడుమ కాళీ సేసినాం టీచర్

కంప్యూటర్ తెర మీద ఒక చిన్న పెట్టెను పట్టుకుని ఎడమ అంచుకు అతికించడం పెద్ద పనేమీ కాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆ పని నా చేత కన్నీళ్ళు పెట్టించింది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, అరకులో క్రైస్తవ మిషన్ వాళ్ళ ఆడపిల్లల బడిలో నేను కంప్యూటర్ టీచర్‌ని. టీచర్‌నే గాని, ఆ మాట పక్కన 'తాత్కాలికం' అని ఒక తోక ఉండేది. ఆ తోక ఊడుతుందో, తోకతో పాటు నేనే ఊడతానో తేలక ఆ ఏడాదంతా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరిగాను.

మా నాన్న రైల్వేలో పనిచేసేవాడు. స్టేషన్ పక్క క్వార్టర్సులో మా ఇల్లు. నేను వైజాగ్‌లో డిగ్రీ చదివి, అక్కడే ఒక కోచింగ్ సెంటర్లో కంప్యూటర్ నేర్చుకుని ఇంటికొచ్చి ఈ బడిలో చేరాను. ఈ ఉద్యోగం పోతే ఇంకొకటి సిద్ధంగా ఉంది. అది వైజాగ్‌లో మా మేనత్త వాళ్ళ చెప్పుల కొట్టు. ఆదివారం వచ్చిందంటే చాలు, అత్త పక్కింటి ఫోనుకి చేసి నన్ను పిలిపించేది. "కౌంటర్ కాడ కుర్సీ అలాగే ఉందే గుంటా. ఎప్పుడొత్తావు?" అనేది. జనం కాళ్ళు చూసుకుంటూ బతకడం నా వల్ల కాదని మొహం మీదే చెప్పేశాను. చెప్పానే గాని, ఫోన్ పెట్టేశాక గుండెలో గుబులుగా ఉండేది.

ఆ గుబులుకి కారణం మా హెడ్మిస్ట్రెస్ సిస్టర్. గుంటూరు వైపు మనిషి. మంచావిడే, కాదనను. కానీ బల్ల ఒకటి వరస తప్పి ఉంటే ఆవిడకి తలనొప్పి వచ్చేది. ఊరికే అనడం కాదు, నిజంగానే తలనొప్పి వచ్చి మాత్ర వేసుకునేది. అలాంటి మనిషి ఒక రోజు నా గదిలోకి వచ్చి, నా భుజం మీదుగా కంప్యూటర్ తెర చూసింది. నాకు తెలియకుండానే నేను కాస్త పక్కకి జరిగి అడ్డం నిలబడ్డాను.

"ఏంటమ్మాయ్ ఈ చిందరవందర?" అంది.

అది పిల్లలకి ప్రోగ్రాములు రాయడం నేర్పే సాఫ్ట్‌వేర్. తెర మీద నాలుగైదు పెట్టెలు ఉంటాయి. "ఇందులో బటన్లూ అవీ ఉంటాయి సిస్టర్, దీన్ని టూల్‌బాక్స్ అంటారు. ఈ పక్కదాంట్లో రంగులూ సైజులూ మార్చుకుంటాం. నడిమధ్య ఉన్నది మనం తయారుచేస్తున్న ఫారం, ప్రోగ్రాం ఆడితే బయటికి కనబడేది ఇదే" అని ఒక్కొక్కటే చూపించాను. ఆవిడ ఓపికగా విని, "అన్నీ ఉండనీ. ఒక వరసలో ఎందుకు లేవు?" అంది.

వరసలో ఎలా ఉంటాయి? ఆ పెట్టెల సంగతే అంత. ఒక్కోదాన్ని నెత్తి మీద పట్టీ దగ్గర మౌస్‌తో పట్టుకుని ఎటైనా లాగొచ్చు. సరిగ్గా అంచు దగ్గర వదిలితే గోడకి అతుక్కున్నట్టు అతుక్కుంటుంది. రవ్వంత ముందే వదిలితే గాల్లో తేలుతూ మిగతావాటి మీద కూర్చుంటుంది. రవ్వంత ఎక్కువ తోశామా, తెర పైభాగమంతా అడ్డంగా పడుకుని "నన్నేం చేస్తావో చెయ్యి" అన్నట్టు చూస్తుంది. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. "ఓసి నీ దుంప తెగ! ఉండవే అక్కడ! ఉండమన్నానా!" అని దాన్ని తిట్టిపోసేదాన్ని. మా పిల్లలు నా దగ్గర ప్రోగ్రాములకన్నా ముందు ఆ తిట్లు నేర్చుకున్నారు.

పిల్లలంటే హాస్టల్ పిల్లలు. ముంచింగిపుట్టు, డుంబ్రిగుడ పక్క కొండల మీద ఊళ్ళ వాళ్ళు. ఇళ్ళలో కాఫీ తోటలు, రాగులు, సామలు. ఇంట్లో కరెంటు బల్బు కూడా లేని పిల్ల మౌస్ పట్టుకుని రెండో రోజుకే పెట్టెల్ని అటూ ఇటూ విసిరేస్తుంటే నాకు ముచ్చటేసేది. వాళ్ళకి నాకున్నంత కోపం లేదు. పెట్టె పోయి ఎక్కడో అతుక్కుంటే కిసకిసా నవ్వేవారు. "టీచర్, ఇది మా మేక నాగే ఉంది, తోసిన కాడికి ఎల్లదు" అనేది తొమ్మిదో తరగతి పొడుగుపిల్ల. హాస్టల్లో ఆ పిల్ల మాటే మాట. ఆవిడగారు ఊ అంటే తక్కిన పిల్లలందరూ ఊ అనేవారు.

ఇక్కడ కరెంటు గురించి చెప్పాలి. అరకులో కరెంటు చెప్పా పెట్టకుండా వచ్చేది, చెప్పా పెట్టకుండా పోయేది. మబ్బు పట్టినా పోయేది, మబ్బు విడిచినా పోయేది. మాకు బ్యాటరీ పెట్టె ఒకటి ఉండేది గాని, కరెంటు పోగానే కీచుమని అరవడం తప్ప దానికి ఇంకో పని రాదు. ఆ సాఫ్ట్‌వేర్‌కి ఒక అలవాటు ఉంది. పద్ధతిగా మూస్తే, ఏ పెట్టె ఎక్కడుందో గుర్తుపెట్టుకుని మర్నాడు అలాగే తెరుచుకుంటుంది. మూయకుండానే కరెంటు పోతే, ఆ రోజు మనం చేసిన గందరగోళం దానికి గుర్తుండదు. అంతకు ముందెప్పుడో పద్ధతిగా మూసిన రోజున ఎలా ఉందో అలాగే వస్తుంది. నేను చేరిన వారంలోనే, ఎవరి పుణ్యమో, కరెంటు సాయంత్రం దాకా ఉండడంతో అన్నీ చక్కగా సర్ది పద్ధతిగా మూశాను. తరవాత మళ్ళీ అలా మూసే భాగ్యం మాకు కలగలేదు. పిల్లలు రోజూ పెట్టెల్ని చెల్లాచెదురు చేసేవారు, రోజూ కరెంటు పోయేది, రోజూ పొద్దున్న అన్నీ నేను సర్దిన చోటే ఉండేవి.

ఇది చూసి పిల్లలు ఒక నిర్ణయానికి వచ్చారు. కరెంటు పోయాక చీకట్లో కంప్యూటర్ తన ఇల్లు తనే సర్దుకుంటుందట. ఒక రోజు చిన్న క్లాసు పిల్లకి పొడుగుపిల్ల ఈ సంగతి చెబుతుంటే విన్నాను. "భయపడకే. కరెంటు పోతాది గదా, అప్పుడు అదే సర్దేసుకుంటాది" అంటోంది. కాదని చెప్పబోయి, నవ్వొచ్చి ఊరుకున్నాను.

అలా ఉండగా బడికి కుట్టు మిషన్లు వచ్చాయి. ఎవరో పుణ్యాత్ములు పంపారు. వరండాలో గోనెపట్టాల కింద పెట్టారు. బడి మొత్తానికి గచ్చు నేల, పెద్ద కిటికీలు ఉన్న గది నాదొక్కటే. సిస్టర్ ఆ మిషన్ల వంక చూడడం, నా గది వంక చూడడం మొదలుపెట్టింది. చివరికి పిలిచి చెప్పేసింది. వైజాగ్ నుంచి బడుల వ్యవహారం చూసే ఫాదర్ వస్తున్నారట. ఈ గది కంప్యూటర్లకి ఉంచాలా, కుట్టుకి ఇవ్వాలా అన్నది ఆయన చూసి తేలుస్తారట. గది పోతే టీచర్ కూడా పోయినట్టే.

"చూడమ్మాయ్, నాకు నీ మీద కోపం లేదు. జాకెట్టు కుడితే కంటికి కనబడుతుంది. నువ్వు నేర్పేది ఏది, ఎక్కడుంది? ఫాదర్‌కి చూపించు. చూపిస్తే గది నీదే" అంది.

చూపించడానికి నా దగ్గర ఒకటి ఉంది. హాస్టల్లో పంపు దగ్గర, నీళ్ళు మోసే వంతు మాది కాదంటే మాది కాదని పిల్లలు రోజూ జుట్లు పట్టుకునేవాళ్ళు. నేనూ పిల్లలూ ఆ పంపు పక్కన రాతి మీద కూర్చుని ఆలోచించి ఒక ప్రోగ్రాం రాశాం. పిల్లలు నాలుగు జట్లు, పేర్లు వాళ్ళ కొండల మీద పెరిగే వాటివి: వలిసె, పనస, చింత, వెదురు. తెర మీద బటన్ నొక్కితే ఇవాళ ఏ జట్టు వంతో కంప్యూటర్ చెబుతుంది. ఒక జట్టు పేరు వచ్చాక, మిగతా మూడూ అయ్యేదాకా మళ్ళీ రాదు. ఆ కిటుకు పొడుగుపిల్ల పట్టు పట్టి రాయించింది, ఎందుకంటే వాళ్ళది వలిసె జట్టు. మొదట్లో వరసగా రెండు రోజులు వలిసె వచ్చింది. రాసింది సగానికి సగం పిల్లలే. ఆ ప్రోగ్రాం ఫాదర్ ముందు ఆడితే చాలు, నేను చెప్పుల కొట్టుకి పోనక్కర్లేదు.

ఫాదర్ వచ్చే ముందు రోజు సిస్టర్ పెళ్ళిళ్ళకి అద్దెకిచ్చే జనరేటర్ తెప్పించింది. ఆ సాయంత్రం దాన్ని తిప్పి చూశాం. డుబడుబమని మొత్తం లోయంతా వినబడేట్టు మోగింది గాని, కరెంటు రాయిలా నిలబడింది. నేను ప్రోగ్రాం ఒకటికి రెండుసార్లు ఆడించి, పెట్టెలన్నీ వాటి చోట పెట్టి, గది ఊడ్చి కంప్యూటర్లు ఆపేయమని పిల్లలకి చెప్పి ఇంటికెళ్ళాను. ఆ రాత్రి అమ్మ చేపల పులుసు పెడితే రెండుసార్లు కలుపుకుని తిన్నాను. అంత నిశ్చింతగా ఉన్నాను.

మర్నాడు పొద్దున్నే మామూలు కరెంటు పోయింది. డీజిల్ అయిపోతుందని, ఫాదర్ వచ్చేదాకా జనరేటర్ వేయొద్దంది సిస్టర్. ఆయన బొర్రా సొరంగాలన్నీ దాటుకుని పాసింజర్లో వచ్చారు. భారీ మనిషి, నవ్వుమొహం. పూలదండ, పాట, కాఫీ అయ్యాయి. "నాకూ ఈమెయిల్ ఉందమ్మా" అన్నారు నాతో, బంధుత్వం కలుపుకున్నట్టు. జనరేటర్ మోగింది. పిల్లలందరూ గోడ వారన నిలబడ్డారు. నేను కంప్యూటర్ వేసి, ప్రోగ్రాం తెరిచాను.

తెర మీద ఏమీ లేదు.

అంటే, మధ్యలో ఏమీ లేదు. విశాలమైన బూడిదరంగు మైదానం. టూల్‌బాక్స్ ఎడమ అంచున సన్నటి పట్టీ అయిపోయి, ఒళ్ళు ముడుచుకుని ఉంది. రంగుల పెట్టె కుడి అంచున ఊపిరాడకుండా నొక్కుకుపోయింది. ఇంకో రెండు కింద అంచున ఒకదాని పక్కన ఒకటి గోడకి జారబడ్డాయి. మధ్యలో ఉండాల్సిన మా ఫారం మాయమైంది. పక్క కంప్యూటర్ చూశాను, అదీ అంతే. మూడోదీ అంతే.

సిస్టర్ మొహం మాత్రం వెలిగిపోయింది. "చూడండి ఫాదర్, ఎంత పద్ధతిగా ఉందో! నేను చెప్పీ చెప్పీ, ఇన్నాళ్ళకి ఈ రోజు గది గదిలా ఉంది" అంది.

"చాలా శుభ్రంగా ఉంది" అన్నారు ఫాదర్, మెచ్చుకుంటూ. తరవాత కళ్ళజోడు సవరించుకుని ముందుకి వంగి, "అయితే ఇందులో ఏముందమ్మా?" అని అడిగారు.

నేను వెనక్కి తిరిగి పిల్లల వైపు చూశాను. "ఎవర్రా ఇది చేసింది?" అన్నాను పళ్ళ మధ్య నుంచి.

పొడుగుపిల్ల గర్వంగా ఒక అడుగు ముందుకేసింది. "మేవే టీచర్! జనరేటర్ ఉంటే కరెంటు పోదు గదా, మరి దాన్నెవలు సర్దుతారు? అందుకే మేవే సర్దేసినాం. పెద్దోళ్ళొత్తే ఇంట్లో సామానంతా గోడకి సేరేత్తాం గదా టీచర్, ఒచ్చినోళ్ళు కూకోడానికి. అలాగే అన్నీ గోడకి సేరేసి, నడుమ కాళీ సేసినాం టీచర్."

ఆ పిల్లల ఇళ్ళకి నేను వెళ్ళాను. ఒక్కటే గది. చుట్టాలొస్తారంటే అలికి, కుండలూ బుట్టలూ చాపచుట్టలూ గోడ వారకి జరిపి, మధ్యలో చాప పరుస్తారు. ఆ మధ్య చోటు ఎంత ఉంటే అంత మర్యాద. అదంతా నాకు తెలుసు. తెలిసినా ఆ నిమిషంలో ఆ పిల్లని పీక నులిమేద్దామన్నంత కోపమొచ్చింది. మళ్ళీ ఆ మొహం చూసి తెర వైపు తిరిగాను. సర్దడమే కాదు, నేను నేర్పిన ప్రకారం ఒక్కో కంప్యూటర్నీ పద్ధతిగా మూసి మరీ వెళ్ళారు. అందుకే మా పాత అమరిక పోయి, ఇదే నిలిచిపోయింది.

మౌస్ పట్టుకున్నాను. టూల్‌బాక్స్‌ని లాగితే వచ్చి పైన అడ్డంగా పడుకుంది. రంగుల పెట్టెని ఎడమకి తెస్తే అది పోయి టూల్‌బాక్స్ కింద దూరి, సగం తెర ఆక్రమించింది. వెనకనించి ఫాదర్ ఊపిరి వినబడుతోంది. రవ్వంత ముందే వదిలేశాను, పెట్టె గాల్లో తేలింది. "ఓసి నీ మొహం మండ! ఉండవే అక్కడ!" అనేశాను, ఫాదర్ ఎదురుగానే.

పిల్లలు ఫక్కుమన్నారు. ఫాదర్ మాత్రం నన్ను కోప్పడలేదు. "ఇలా తేమ్మా, నేను చూస్తాను. నాకు ఈమెయిల్ అలవాటే" అని మౌస్ తీసుకున్నారు. ఆయన లాగితే టూల్‌బాక్స్ కుడివైపు అతుక్కుంది. ఆయనకి చిన్నపిల్లాడంత సంతోషం. "పనిముట్లు కుడిచేతి వైపే ఉండాలి ఫాదర్, అది సబబే. కానీ ఆ రెండోది కిందకి దించండి, వంకరగా ఉంది" అంది సిస్టర్. "కిందకైతే చూపు ఆనదు సిస్టర్, పైనే బాగుంటుంది." "పైన బరువైపోతుంది ఫాదర్." ఆ దేవుడి బిడ్డలిద్దరూ తగువులో పడిపోయారు. మధ్యాన్నం పాసింజర్‌కి ఆయన వెనక్కి వెళ్ళిపోవాలి. నా ప్రోగ్రాం ఊసే లేదు. నాకు కళ్ళ ముందు చెప్పుల కొట్టు కౌంటరు కనబడుతోంది.

సిస్టర్‌కి ఒక అలవాటు ఉంది. మాట నెగ్గకపోతే చేతికందింది తుడుస్తుంది. ఫాదర్ మౌస్ ఇవ్వకపోయేసరికి, నడుముకి దోపుకున్న గుడ్డ తీసి కీబోర్డు తుడవడం మొదలుపెట్టింది. పై వరస మీద గుడ్డ ఇటు నుంచి అటు గట్టిగా లాగింది. ముందు, సహాయం అందుబాటులో లేదని ఒక చిన్న పెట్టె వచ్చింది. హెల్ప్ మీట తగిలితే మా కంప్యూటర్లలో ఎప్పుడూ వచ్చేది అదే. ఆవిడ ఇంకోసారి తుడిచేసరికి అది పోయింది. మరోసారి తుడిచింది. టక్కున తెర నడుమ మా ఫారం ప్రత్యక్షమైంది, ఆడుతూ. పైన 'నీళ్ళ వంతు', కింద 'ఎవరిది?' అని బటన్.

నేను నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాను. ప్రోగ్రాం ఆడించడానికి ఆ పై వరసలో ఒక్క మీట నొక్కితే చాలు. పెట్టెలు ఎక్కడున్నా దానికి పట్టదు. వాటిని తిట్టే తొందరలో ఆ సంగతే నేను మరిచిపోయాను.

"సూసారా టీచర్!" పొడుగుపిల్ల చప్పట్లు కొట్టింది. "నడుమ కాళీ సేయకపోతే అదొచ్చి యాడ కూకుంటాది?"

ఫాదర్ పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వి నవ్వి బటన్ నొక్కారు. 'పనస' అని వచ్చింది. పనస జట్టు ఓలమ్మో అని మూలిగింది, మిగతావాళ్ళు కేకలు పెట్టారు. ఆయనకి హుషారెక్కి మళ్ళీ నొక్కారు. 'వెదురు'. "ఒద్దు ఫాదర్! రోజుకొక్కపాలే నొక్కాల! ఒంతులన్నీ పాడైపోతాయి!" అని వెదురు జట్టు మీదపడినంత పని చేసింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, "క్షమించండమ్మా" అన్నారు.

సిస్టర్ గుడ్డ చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది. "అంటే... పంపు దగ్గర వంతులు ఇదా చెప్పేది?" అంది.

"అవును సిస్టర్ గారూ. మరింక తగువుల్నేవు గదా" అన్నారు పిల్లలు.

"తగువులు ఆగిపోతే నేను నా ప్రార్థన ఫలించిందనుకున్నానే!" అంది ఆవిడ, నిజంగా చిన్నబుచ్చుకుని.

"ఫలించిందనే అనుకోండి సిస్టర్. దేవుడికి ఏ దారైతేనేం" అన్నారు ఫాదర్. అని వాచీ చూసుకుని లేచారు. అప్పటికే స్టేషన్‌కి టైమైపోయింది. గది గురించి ఒక్క మాట కూడా అనలేదు. పిల్లలతో కరచాలనాలు, గేటు దాకా పరుగు, సిస్టర్ గొడుగు పట్టుకుని వెంట పరుగు. నేను గదిలోనే కుర్చీలో కూలబడ్డాను. జనరేటర్ ఆపేశారు. తెర చీకటైంది.

కాసేపటికి సిస్టర్ స్టేషన్ నుంచి ఒగరుస్తూ వచ్చింది. గుమ్మంలో నిలబడి గది నలుమూలలా చూసింది. "ఫాదర్ రైలెక్కుతూ చెప్పారు. మిషన్లు వరండాలో వేయించమన్నారు. అక్కడే వెలుతురు బాగుంటుందట" అంది. తరవాత గొంతు సవరించుకుని, "నువ్వేమో జూన్ నుంచి పర్మనెంటు. కాగితాలు వైజాగ్ నుంచి వస్తాయి. ఆ బల్ల కాస్త సరిగ్గా జరుపమ్మాయ్" అంది. అని వెళ్ళిపోయింది.

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఆపుకోవాలనుకోలేదు కూడా. కీబోర్డు మీద తల పెట్టుకుని, ముక్కు ఎగబీలుస్తూ, భోరున ఏడ్చాను. ఎవరో వచ్చి నా వీపు మీద చెయ్యి వేశారు. పొడుగుపిల్ల. దాని వెనకాల మిగతావాళ్ళంతా.

"ఏటైంది టీచర్? మీ ఉజ్జోగం పోయిందేటి?"

"లేదే," అన్నాను, "ఉంది. ఉండిపోయింది."

ఆ పిల్లకి నా మాట నమ్మబుద్ధి కాలేదు. నా మొహంలోకి వంగి, చాలాసేపు పరీక్షగా చూసింది.

"మరి ఉంటే ఏడుత్తారేటి టీచర్?" అంది. అడిగిందే గాని, చూస్తే దాని కళ్ళల్లోనూ నీళ్ళే.